రెండో వంతెన దగ్గర

"ఏమ్మా, ఇది పడవా, పరుపా?"

ఏటి ఒడ్డున పడవకు గాలి ఊదుతున్న అమ్మాయి తలెత్తింది.

పైన మొదటి వంతెన దగ్గర బస్సు ఆగి ఉంది. టీకి దిగినవాళ్ళలోంచి ఒక పెద్దావిడ, చంకలో ఫ్లాస్కుతో, మెట్లు దిగి వచ్చేసింది.

"పడవేనండీ. గాలి తీసి చుడితే ఈ వీపు సంచిలో పట్టేస్తుంది."

"సంచిలో పట్టేదాన్ని నమ్మి ఏట్లోకి పోతావా? ఈతొచ్చా?"

"వచ్చు. లైఫ్ జాకెట్ కూడా ఉంది."

పడవను నీళ్ళ మీద పెట్టింది. కాసేపటికి దాని బిగువు తగ్గింది.

"అయ్యో, మెత్తబడిపోతోందే!"

"నీళ్ళ చల్లదనానికి అంతేనండీ. నోటితో ఇంకాస్త ఊదితే సరి."

"అంటే నీ ఊపిరి మీద నువ్వే కూర్చుని పోతావన్నమాట."

అమ్మాయికి నవ్వూ విసుగూ కలిసి వచ్చాయి. ఇంట్లో అమ్మ పోరు తప్పించుకుని వస్తే ఇక్కడ ఇంకొకరు.

"ఎక్కడ దిగుతావు?"

"రెండో వంతెన దగ్గర."

"తప్పకుండా?"

"తప్పకుండా. మీరు నిశ్చింతగా వెళ్ళండి అమ్మమ్మా."

బస్సు హారన్ కొట్టింది. పెద్దావిడ వెనక్కి చూసుకుంటూనే మెట్లెక్కింది.

సగం దారిలో ఎదురుగాలి మొదలైంది. ఎంత తెడ్డు వేసినా పడవ ఉన్నచోటే ఉంది. అమ్మాయి ఒడ్డుకు చేరి, గాలి తీసి, పడవను చుట్టి సంచిలో పెట్టుకుంది. ఈ పడవతో సుఖమే అది. ఎక్కడైనా దిగిపోవచ్చు. ఏటి మీద ఏ గుర్తూ మిగలదు.

రోడ్డెక్కి, చెట్టు నీడన ఓ కునుకు తీసి, సాయంత్రం బస్సు పట్టుకుంది. రెండో వంతెన మాట మరిచేపోయింది.

బస్సు ఆ వంతెన మీదికి వచ్చాక కిటికీలోంచి చూసింది. కమ్మీ పట్టుకుని, ఏటి ఎగువకే చూస్తూ, ఆ పెద్దావిడ!

"ఆపండి, ఆపండి!"

దిగి పరుగెత్తింది.

"అమ్మమ్మా! గాలి ఎక్కువైతే మధ్యలోనే దిగిపోయాను..."

పెద్దావిడ అమ్మాయి చేతులు తడిమింది. జుట్టు తడిమింది.

"తడవలేదు," అనుకుంది తనలో తానే.

ఫ్లాస్కు తెరిచి మూతలోకి పాలు వంచింది. "తాగు. గోరువెచ్చగానే ఉన్నాయి."

"తిడతారనుకున్నాను."

"తిట్టడానికి మనిషంటూ కనిపించావు, చాలు."

అమ్మాయి తాగేదాకా చూసి, పొద్దున వచ్చిన వైపే వెళ్ళే బస్సును ఆపి ఎక్కింది పెద్దావిడ. కనుమరుగయ్యేదాకా కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉంది.

అమ్మాయి వంతెన పక్కనున్న టీ కొట్టు బల్ల మీద కూలబడింది.

"మీ ఊరి పెద్దమ్మకి మరీ ఇంత భయమేమిటండీ? పనీపాటా లేదేమో పాపం."

టీ కొట్టాయన గ్లాసు కడుగుతున్నవాడల్లా ఆగాడు.

"మా ఊరావిడ కాదమ్మా. నువ్వు క్షేమంగా దాటడం చూసి పోదామని బస్సు దిగింది. తర్వాత వచ్చిన ప్రతి బస్సూ ఎక్కమని చెబుతూనే ఉన్నాను. 'ఆ పిల్ల ఇంకా రాలేదు నాయనా' అంటూ కదిలితేనా?"

"అసలు ఎక్కడికి వెళ్ళాలట?"

"రైలు స్టేషనుకి. వాళ్ళక్క ఎక్కడో దూరాన కూతురి దగ్గరే ఉండిపోవడానికి మధ్యాహ్నం రైలుకి వెళ్ళిపోయిందట. ఈ వయసులో మళ్ళీ చూసుకుంటామో లేదోనని ఎక్కించడానికి బయల్దేరింది. ఇందాక నువ్వు తాగిన పాలు, ఆ అక్కకి దారిలో ఉంటాయని కాచి తెచ్చినవి."