పులిహోర వాసన

"ఇంకా నీసు వాసనొత్తంది బావా," అంది ఆశ, ఫ్రిజ్‌లోకి తల దూర్చి.

"ఫ్రిజ్‌లోంచి కాదే. నీ బయంలోంచి వత్తంది," అన్నాడు వాసు. మిక్సీ జార్‌లో నిమ్మచెక్కలూ కల్లుప్పూ వేసి గిర్రున తిప్పుతున్నాడు.

వాసు అచ్యుతాపురంలో ఓ మందుల కంపెనీలో పగలంతా డ్రమ్ములకొద్దీ కెమికల్స్ కలిపే మనిషి. ఇంటికొస్తే మాత్రం ఆ మాటే వినపడకూడదు. యూట్యూబ్‌లో మోచేతుల దాకా గాజులేసుకున్న ఓ మహాతల్లి ఏది చెబితే అదే వేదం. వంటసోడాతో ఫ్రిజ్, నిమ్మరసం ఆవిరితో ఓవెన్, పులిసిన మజ్జిగతో చిమ్నీ. ఇన్నాళ్ళూ చూసి తరించడమే గానీ చెయ్యి తడిపింది లేదు. కాఫీ తాగిన గ్లాసైనా తొలవని మహానుభావుడు ఇవాళ తెల్లారగానే లుంగీ ఎగ్గట్టి వంటింట్లో దిగాడంటే దానికో కారణం ఉంది.

ఆ కారణం పేరు సూర్యకళ. ఇంటి ఓనరు. పై అంతస్తులో ఉంటుంది. గేటుకి 'శాకాహారులకు మాత్రమే' అని బోర్డు పెట్టించి, ఎండకి అక్షరాలు వెలిసిపోతాయేమోనని ఏటా రంగు వేయించే మనిషి. మెట్ల మీద కోడిగుడ్డు పెంకు కనబడిందని అంతకుముందున్న వాళ్ళని నిలబెట్టి ఖాళీ చేయించింది. అలాంటి ఇంట్లోకి జాలరిపేటలో పుట్టి పెరిగిన మొగుడూ పెళ్ళాం 'మాకు ఆ వాసనే పడదండీ' అని అమాయకంగా మొహాలు పెట్టి దిగారు. ఏం చేస్తారు మరి? పేట పేరు చెప్పగానే చాలామంది ఇల్లు ఖాళీ లేదనేవారు.

నిన్న మధ్యాహ్నం వాసు తల్లి పాపాయమ్మ వచ్చింది. మునగాకు కట్ట కింద దాచి వంజరం చేప ముక్కలు తెచ్చింది. "కడుపుతో ఉన్న పిల్లకి పప్పూ సారూ పెట్టి సంపేత్తన్నావేట్రా," అని కొడుకుని తిట్టి, దగ్గరుండి పులుసు పెట్టించి, తను మాత్రం హాయిగా ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. ముక్కలు ఫ్రిజ్‌లో పడుకున్నాయి, మసాలా మిక్సీలో తిరిగింది, పొగ చిమ్నీలోకి ఎక్కింది, రాత్రి అన్నాల వేళకి పులుసు ఓవెన్‌లో మళ్ళీ వేడెక్కింది. ఎన్ని నెలల తర్వాతో కడుపునిండా తిన్న ఆశ చెయ్యి కడుక్కునే లోపే ఫోను మోగింది.

"అమ్మాయ్, వాసన పైదాకా వచ్చింది. పొద్దున్నే వస్తాను. గిన్నెలూ గట్రా ఏవీ కదపకండి," అని పెట్టేసింది సూర్యకళ.

మిగిలిన సగం గిన్నె పులుసు వెనక సందులో పిల్లుల పాలైంది. పారబోస్తుంటే ఆశకి ప్రాణం ఉసూరుమంది. తెల్లవార్లూ కంటి మీద కునుకు లేదు.

"ఏడో నెల్లో సామాను సర్దుకుని ఎక్కడికెల్తాం బావా?" అంది ఇప్పుడు, ఫ్రిజ్ తలుపు మూస్తూ. "కడుపుతో ఉన్నోల్లు ఇల్లు మారకూడదంటారు. మారదామన్నా మనకెవుడిత్తాడు? పోనీ, పినాయిల్ కొట్టీనా?"

"కొడితే దొరికిపోతాం. పినాయిల్ వాసనొత్తే ఏటి కడిగేరని అడుగుతాది. నిమ్మకాయ వాసనొత్తే పులిహోర అనుకుంటాది. అందుకే నాను నేచురల్ అన్నాను."

తన తెలివికి తనే మురిసిపోతూ వాసు చింతపండు రసంలో వంటసోడా గుమ్మరించాడు. అది బుస్సున పొంగి స్టవ్ మీదా, గట్టు మీదా, అతగాడి బొజ్జ మీదా పారింది. మహాతల్లి ఈ సంగతి వీడియోలో చెప్పలేదు. ఇద్దరూ కలిసి అది తుడిచేసరికి కాలింగ్ బెల్ మోగింది.

సూర్యకళ లోపలికొస్తూనే వీధి తలుపు గడియ వేసింది.

"మా ఆయన సింహాచలం వెళ్ళారు. మధ్యాహ్నం దాకా రారు," అంది.

ఆశ వేసిన గడియ వైపు చూసింది. ఆ ఇంట్లో కాస్త జాలీ దయా ఉన్నది ఆ పెద్దాయనకే. ఆయన లేకుండా చూసి వచ్చిందంటే ఇంక అడ్డుపడే దిక్కు లేదు.

"ఫ్రిజ్ తెరువు."

తెరిచింది. లోపల అద్దంలా మెరుస్తున్న అరలు, వాసన పీల్చుకోడానికి పెట్టిన కాఫీపొడి గిన్నె. సూర్యకళ వంగి వెనకదాకా చూసింది. మొహం ముడుచుకుంది.

"ఓవెన్‌లో?"

"ఏటీ లేదండి."

నమ్మకుండా అదీ తెరిచి చూసింది. మిక్సీ జార్ మూత తీసి ముక్కు పెట్టింది. "నిమ్మకాయ."

"పులిహోరండి," అన్నాడు వాసు.

"పులిహోరకి మిక్సీ ఎందుకయ్యా?"

వాసు గోడకున్న క్యాలెండర్ వైపు తిరిగి తిథి చూడసాగాడు.

"నిన్న వండిన గిన్నె ఏదీ?"

ఆశ ఇంక ఆగలేకపోయింది. గట్టు కింద దాచిన గిన్నె తెచ్చి ఆవిడ చేతుల్లో పెట్టి బావురుమంది.

"తప్పయిపోయింది ఆంటీగారూ. వంజరం పులుసేనండి. మా అత్త తెచ్చింది. ఇంకెప్పుడూ ఈ ఇంట్లో వండను. పురుడయ్యేదాకా ఉండనివ్వండి, మీ కాళ్ళు పట్టుకుంటాను."

సూర్యకళ ఆ మాటలేవీ విన్నట్టు లేదు. గిన్నెని వెలుతురు వైపు తిప్పి అడుగుదాకా చూసింది. వాసు జన్మలో మొదటిసారి ఒక గిన్నె శుభ్రంగా తోమాడు. చింతపండు పట్టించి రుద్దిన ఆ స్టీలులో ఆవిడ మొహం ఆవిడకే కనబడింది.

"మిగిలింది మొత్తం పారబోశారా?"

"మొత్తం అండి. ఒట్టు. బొట్టు కూడా ఉంచలేదు."

సూర్యకళ గిన్నెని గట్టు మీద పెట్టింది. కిటికీలోంచి బయటికి ఓసారి చూసి, గొంతు బాగా తగ్గించింది.

"చేపల పులుసు మర్నాడే కదమ్మా బాగుంటుంది."