చెప్పకుండా ఉంచుకున్నది

"మీవారి మెదడు మా దగ్గరే ఉండిపోయిందమ్మా," అన్నాడు పోస్ట్‌మార్టం డాక్టరు ఫోనులో, మరిచిపోయిన గొడుగు సంగతి చెప్పినంత తేలిగ్గా.

నాకు ఒళ్ళు మండిపోయింది. రోడ్డు మీద కుప్పకూలిన మా ఆయన్ని వీళ్ళు పూర్తిగా అప్పగించారనుకునే సాగనంపాను. వెంటనే ఆసుపత్రికి వెళ్ళి అతని గదిలోనే నిలదీశాను.

"ఎవరినడిగి ఉంచుకున్నారు?"

"పరీక్ష కోసమేనమ్మా. మందునీళ్ళలో గట్టిపడితే తప్ప మెదడును కోసి చూడలేం. చెబితే బాధపడతారని..."

"నా బాధ మీకిప్పుడు గుర్తొచ్చిందా? తల పగిలిపోతోందని ఆయన ఈ ఆసుపత్రి చుట్టూనే తిరిగారు. స్కాన్ తియ్యమని కాళ్ళావేళ్ళా పడ్డాం. పై అంతస్తులో మీ పెద్ద డాక్టరు అక్కర్లేదని బిళ్ళలిచ్చి పంపేశాడు!"

అతని ముఖంలో రంగు మారింది. అలమారలోని గాజు జాడీ వైపు చూశాడు.

"కోసి చూశారా?" అన్నాను.

"ఇంకా లేదు." గబగబా లేచి తలుపు మూశాడు. "పోనీలెండమ్మా, మీకెందుకీ మనోవేదన? ఇప్పుడే తీసుకెళ్ళిపోండి. పరీక్ష కూడా అక్కర్లేదు."

నేను వచ్చింది తీసుకెళ్ళడానికే. సంచి కూడా తెచ్చుకున్నాను. కానీ మళ్ళీ అదే మాట, అక్కర్లేదట!

సంచి మడిచి చంకలో పెట్టుకున్నాను. కుర్చీ లాక్కుని అలమారకు అడ్డంగా కూర్చున్నాను.

"ఆ జాడీ మీద చెయ్యి వెయ్యకండి. బయటి డాక్టరు వచ్చి నా కళ్ళముందే పరీక్ష చెయ్యాలి. ఇన్నాళ్ళూ నాకు చెప్పకుండా ఉంచుకున్నారు. ఇక నేను చెప్పేదాకా ఉంచండి."