పెద్దాయన పథ్యం

"మళ్లీ ఆ మాత్రలేనా? తీసెయ్, ఆయన తినరు," అంది అత్తగారు పంజరానికి అడ్డంగా నిలబడి.

కోడలి చేతిలో స్టీలు గిన్నె, గిన్నెలో గోధుమరంగు పెల్లెట్లు.

"మాత్రలు కావత్తయ్యా, తిండే. డాక్టరుగారు చెప్పింది మీరూ విన్నారుగా. ఉత్త పొద్దుతిరుగుడు గింజలు తిని తిని లోపల కొవ్వు పేరుకుపోయిందట. ఇలాగే వదిలేస్తే లివరు పాడైపోతుందన్నారు."

"ఈ వయసులో ఆయనకి పథ్యమా?"

ఆయనంటే చిలుక. బూడిదరంగు ఒళ్లు, ఎర్రటి తోక, మనిషిని ఎగాదిగా చూసే పసుపుపచ్చ కన్ను. ఆ ఇంట్లో చిలుకని ఎవరూ 'అది' అనరు, పెద్దాయన అంటారు. పెద్దాయన కునుకు తీస్తుంటే టీవీ సౌండు తగ్గిస్తారు. పెద్దాయన "తలుపు!" అని అరిస్తే, లిఫ్టులు బాగుచేసే కొడుకు కూడా మారుమాట్లాడకుండా వెళ్లి తలుపేసి వస్తాడు.

కోడలు గిన్నె లోపల పెట్టింది. పెద్దాయన నింపాదిగా కిందికి దిగారు. ఒక పెల్లెట్‌ను ముక్కుతో తీసి, నాలుక మీద అటూ ఇటూ తిప్పి, ఊచల్లోంచి బయటికి విసిరారు. తర్వాత ఇంకొకటి. ఆఖరికి గిన్నెనే బోర్లించి, "తలుపు!" అన్నారు.

"చూశావా, నిన్ను బయటికి పొమ్మంటున్నారు," అంది అత్తగారు సంబరంగా.

కోడలు పట్టు వదల్లేదు. గింజల్లో కొన్ని పెల్లెట్లు కలిపింది. రోజూ గింజలు కొంచెం తగ్గించి, పెల్లెట్లు కొంచెం పెంచింది. పెద్దాయన గింజలు ఏరుకుని మిగతావి ముట్టుకోలేదు. గింజలు బాగా తగ్గించాక కూడా ఆయన ఒళ్లు తగ్గకపోయేసరికి, కోడలికి అనుమానమొచ్చి పంజరం అడుగున చూసింది.

"అత్తయ్యా, ఇంత పొట్టు ఎక్కడిది?"

"ఏమో, గాలికి కొట్టుకొచ్చిందేమో."

"కిటికీ మూసి ఉంది."

అత్తగారు కిటికీ వంక చూసింది. తర్వాత తన పిడికిలి వంక చూసుకుంది. గుప్పిట విప్పి, మిగిలిన గింజలు కోడలి చేతిలో పోసి, మొహం తిప్పుకుంది.

"ఆకలని అడిగితే ఎట్లా కాదంటాను?" అంది.

కోడలు ఆ గింజలు డబ్బాలో పోసి దాచేసింది. డాక్టరుకి ఫోన్ చేసింది. "చిలుకలు గుంపులో బతికే జీవాలమ్మా. తమవాళ్లు తినేదే తింటాయి. మీరే దాని ఎదురుగా కూర్చుని తిని చూపించండి," అన్నాడాయన.

కోడలు కుడుతున్న జాకెట్టు మిషను మీదే వదిలేసి, పంజరం ముందు బాసింపట్టు వేసుకుంది. ఒక పెల్లెట్ నోట్లో వేసుకుని కరకరా నమిలింది.

"ఛీ! ఎట్లా ఉంది?" అంది అత్తగారు.

"ఉప్పు మర్చిపోయిన బిస్కెట్‌లా ఉంది."

పెద్దాయన తల వంచి కోడలిని చూశారు. ఆ తర్వాత మెడ తిప్పి అత్తగారిని చూశారు. అలా చూస్తూనే ఉండిపోయారు.

"నన్నెందుకట్లా చూస్తున్నారే?"

"మీరు తింటే గాని తినరేమో అత్తయ్యా."

అత్తగారు కళ్లు గట్టిగా మూసుకుని, చేదుమందు మింగబోతున్నట్టు మొహం పెట్టి ఒక పెల్లెట్ నోట్లో వేసుకుంది. నమలడం వినిపించింది. పెద్దాయన మెట్టు మెట్టుగా కిందికి దిగారు. ఒక కాలితో పెల్లెట్‌ను అందుకుని, పైకెత్తి వెలుగులో చూసి, కొరికారు. రెండోది కూడా తిన్నారు. అత్తాకోడళ్లిద్దరూ ఊపిరి బిగబట్టారు. ఎప్పుడు పట్టుకున్నారో ఏమో, ఒకరి చేయి ఒకరి చేతిలో ఉంది.

ఆ తర్వాత జరిగింది చూసి నమ్మలేకపోయారు. పాత ఈకలు రాలి కొత్తవి వచ్చాయి. ఎండ పడితే పెద్దాయన ఒళ్లంతా వెండిపొడి చల్లినట్టు మెరిసేది. తోక నిప్పుకణికలా ఎర్రబడింది. "మా కోడలి చేతి చలవ," అని అత్తగారు పక్క ఫ్లాటువాళ్లని పిలిచి మరీ చూపించేది.

అంతలో ఒక ఉదయం పెద్దాయన పైకి ఎక్కలేదు. పంజరం మూలన, కాగితం ముక్కలు పోగేసుకుని, ఈకలు ఉబ్బించుకుని ముడుచుకుపోయి ఉన్నారు. పెల్లెట్లు పెడితే కదల్లేదు. పిలిస్తే పలకలేదు. వేలు పెట్టబోతే లోగొంతుతో గుర్రుమన్నారు.

"ఆ మాత్రలతో చంపేశావు గదే!" అంది అత్తగారు.

 కోడలు డాక్టరుకి ఫోన్ చేసింది. తను వెంటనే బయలుదేరి వస్తున్నానని, ఈలోగా పంజరం వెచ్చగా ఉంచమని చెప్పాడాయన. ఆమె దుప్పటి తెచ్చి చుట్టూ కప్పింది. గిన్నెలో పెల్లెట్లు పారబోసి, దాచిపెట్టిన గింజల డబ్బా తెచ్చి అత్తగారి ముందు పెట్టింది.

"మీరే పెట్టండి అత్తయ్యా. ఇక నేనేమీ అనను. ఆయన బతికితే చాలు," అని గోడకి చేరగిలబడి ఏడ్చింది.

అత్తగారు మోకాళ్ల మీద కూర్చుని, గుప్పెడు గింజలు తీసుకుని, తలుపు తెరిచి చేయి లోపల పెట్టింది. పెద్దాయన ఆ చేతిని ముక్కుతో పట్టుకున్నారు, నొప్పెట్టకుండా. కాసేపటికి వదిలేసి, కొంచెం పక్కకి జరిగారు.

ఆమె అలాగే ఆగిపోయింది. గింజలు గుప్పిట్లోంచి జారి నేలమీద పడుతున్నా ఆమెకి తెలియలేదు.

"ఏమైందత్తయ్యా? ఊపిరి ఉందా?"

 అత్తగారు దగ్గరికి రమ్మని సైగ చేసింది. ఇద్దరి తలలూ ఆనుకునేలా వంగి లోపలికి చూశారు. కోడలి ఏడుపు ఉన్నట్టుండి ఆగిపోయింది. పొద్దున వెలుగు దుప్పటి సందులోంచి సరిగ్గా ఆ మూలకే పడుతోంది. ఇద్దరూ చేతులు కదపడానికి కూడా భయపడ్డారు.

బెల్ మోగింది. డాక్టరు సంచి పట్టుకుని ఆయాసపడుతూ లోపలికొచ్చాడు. "ఎలా ఉంది? ఏం తింది?" అన్నాడు గాభరాగా.

అత్తగారు పెదవుల మీద వేలు పెట్టుకుంది. తడి కళ్లతో, గుసగుసగా అంది: "నెమ్మదిగా మాట్లాడండి డాక్టరుగారూ... మా పెద్దాయన గుడ్డు పెట్టారు."