వైరు ఊడితే

"ఈ ప్రతిపాదనను వ్యతిరేకించేవాళ్లు చేతులెత్తండి" అని ఎవరో మగమనిషి ఇల్లదిరిపోయేలా అరిచాడు. వంటింట్లో కూరగాయలు తరుగుతున్న అత్తగారు ఉలిక్కిపడి, ఎందుకైనా మంచిదని రెండు చేతులూ ఒళ్లో పెట్టేసుకుంది.

ముందుగదిలో కోడలు గబగబా హెడ్‌ఫోన్ల వైరు కంప్యూటర్లోకి తోసింది. ఇల్లు సద్దుమణిగింది.

కోడలిది ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం. ఎక్కడెక్కడి ఆఫీసులవో మీటింగుల రికార్డింగులు వస్తాయి. వాటిని విని, ఒక్క మాట పోకుండా టైపు చేసి పంపాలి. కుర్చీ కాస్త వెనక్కి జరిగితే చాలు, ఆ వైరు ఊడొచ్చేది. ఊడిందంటే ఏది నడుస్తుంటే అది స్పీకర్లలోంచి వీధి చివరిదాకా వినపడేది. హెడ్‌ఫోన్లకి సౌండు ఇరవైలో ఉంటే స్పీకర్లకి వందలో ఉండేది. కొడుకు రోజూ తగ్గించేవాడు. తెల్లారేసరికి అది మళ్లీ వందకెక్కి కూర్చునేది. రిపేరు చేసే అతన్ని పిలిస్తే, రెండింటి సౌండూ విడివిడిగా గుర్తుపెట్టుకుంటుందండీ అని చెప్పి, కాఫీ తాగి వెళ్లిపోయాడు.

అత్తగారు ఆ వైరు పక్కనుంచి నడవాల్సొస్తే పాముని దాటినట్టు దాటేది.

హెడ్‌ఫోన్లంటే మాత్రం ఆవిడకి లోలోపల ఇష్టమే. ఫోను సరిగ్గా పలికేది ఆ ముందుగదిలోనే. కోడలి చెవులకి అవి ఎక్కగానే ఆవిడ వెనకాల సోఫాలో కాళ్లు చాపుకుని చెల్లెలికి ఫోన్ చేసేది. మొహం మీద అనలేనివన్నీ అప్పుడు అనేది. కూరలో ఉప్పు తక్కువని ఇవాళ చెబితే, ఎక్కువైందని రేపు చెప్పేది. తెరల రంగు చూస్తే కళ్లు తిరుగుతున్నాయనేది. తీరా కొత్తవి వచ్చాక, పాతవే నయమనేది. కోడలికి వినపడుతుందేమోనని చెల్లెలు భయపడితే కొట్టిపారేసేది. ఒకసారి వెనక నిలబడి మూడుసార్లు "అమ్మాయ్" అని పిలిచి మరీ చూసుకుంది. కోడలు కదల్లేదు.

ఒక మధ్యాహ్నం ఆవిడ గొంతు మారింది. ఎడమ కంటికి పక్కనున్నవి కనిపించడం లేదనీ, ఆ వారంలో రెండుసార్లు తలుపుకి కొట్టుకున్నాననీ చెల్లెలికి చెప్పింది. కొడుక్కి చెబితే కంగారుపడతాడు. కోడలికి చెబితే కత్తి ముట్టుకోనివ్వదు.

"చేతిలో పని లాగేసుకుని ఓ మూల కూర్చోబెడతారే. అంతకంటే ఇదే నయం. ఎవరితోనూ అననని ఒట్టెయ్యి" అంది.

చెల్లెలు ఏడుస్తూనే ఒట్టేసింది.

మూడో రోజు కోడలు వచ్చి, పొద్దస్తమానం కంప్యూటర్ చూసి కళ్లు మండిపోతున్నాయనీ, డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్లాలంటే భయంగా ఉందనీ, తోడు రమ్మనీ అడిగింది. ఇంత చదువుకుని ఈ భయమేమిటని విసుక్కుంటూనే అత్తగారు బయల్దేరింది.

కోడలి కళ్లకి ఏ లోటూ లేదన్నారు. ఎలాగూ వచ్చాం కదా, మీరూ ఒకసారి కూర్చోండి అని కోడలు ఆవిడని కుర్చీలోకి నెట్టింది. డాక్టరు చాలాసేపు చూశాడు. కంట్లో ఒత్తిడి బాగా పెరిగిందనీ, ఇంకో ఆరు నెలలు ఆగితే ఆ కన్ను దక్కేది కాదనీ చెప్పి చుక్కల మందు రాశాడు. ఇంటికొచ్చాక ఎవరూ ఆవిడ చేతిలో పని లాక్కోలేదు. కోడలు పొద్దునా సాయంత్రం చుక్కలు వేసేది, కూరగాయలు మాత్రం ఎప్పట్లాగే తెచ్చి ఆవిడ ముందు పెట్టేది.

ఇది చెల్లెలి పనేనని అత్తగారు తేల్చేసింది. ఫోన్ చేసి, ఒట్టు తప్పావని కడిగేసింది. తాను నోరు విప్పలేదని చెల్లెలు ఎంత మొత్తుకున్నా వినలేదు. అక్కాచెల్లెళ్లకి నెల రోజులు మాటల్లేవు. ఊహ తెలిసినప్పటి నుంచీ అంతకాలం మాట్లాడకుండా ఉన్నది అదే మొదలు.

ఆఖరికి ఆవిడే ఉండబట్టలేక, కోడలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని టైపు చేస్తుండగా ఫోన్ చేసింది.

"చెబితే చెప్పావులేవే. నీవల్లే కన్ను దక్కింది."

"నా పిల్లల మీద ఒట్టక్కా, నేను చెప్పలేదు."

ఈసారి ఆ గొంతు విని అత్తగారు నమ్మింది.

"మరి దానికి ఎలా తెలిసిందంటావ్?" అంది చెల్లెలు.

"తెలియడమేమిటి, మనసున్న పిల్ల. వేళకి దేవుడు దానికి అలా బుద్ధి పుట్టించాడు. కూతురు లేదని ఏడ్చేదాన్ని కదే, ఇప్పుడు ఆ బెంగ లేదు. దాని ముందు మాత్రం అనను, నెత్తికెక్కుతుంది" అంటూ కళ్లు తుడుచుకుని లేచింది.

లేచిన కాలు వైరుకి తగులుకుంది. వైరు ఊడొచ్చి నేలమీద పడింది.

అత్తగారు ఫోను సోఫాలోకి విసిరేసి, గట్టిగా కళ్లు మూసుకుని, రెండు చేతులతో చెవులు మూసుకుంది. కోడలి వేళ్లు కీబోర్డు మీద టక్కున ఆగాయి.

స్పీకర్లు కిమ్మనలేదు.