తన్నుడు తక్కువది

ఓక్లహోమాలో తుపాకుల కొట్టు నడిపే డెల్లా, రెండు చిన్న పిస్తోళ్ళు తీసి ముసలి ఓర్విల్ ముందు పెట్టింది.

“ఇది నైన్ ఎమ్ఎమ్. తూటా కాస్త పెద్దది, చేతిని గట్టిగా తంతుంది. ఇది త్రీ ఎయిటీ. తన్నుడు తక్కువ, మీ కీళ్ళనొప్పులకి ఇదే నయం. దొంగ ఆగకపోతే వెంటనే రెండోసారి కాల్చాలి కదా పెద్దాయనా!”

“రెండోసారి అక్కర్లేదు తల్లీ. ఏదో ఒకటియ్యి.”

“గురి చూడ్డం నేర్చుకోరా?”

“ఎందుకూ?”

డెల్లా అతని ముఖంలోకి చూసింది. “ఇంతకీ ఎవరొస్తారని మీ భయం?”

“ఎవరూ రారమ్మా. మా ఆవిడ పోయిన దగ్గర్నుంచి మా గుమ్మం ఎవరూ తొక్కలేదు.”

ఆమె రెండింటినీ అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసింది.

“నా డబ్బు చెల్లదా?” ఓర్విల్ జేబులోంచి నోట్లు తీసి ఆమె ముందు పెట్టాడు.

“ఇక్కడ చెల్లదు. వెనక గదిలో చిక్కుడు గింజలు ఉడుకుతున్నాయి, రండి. ఒక్కదాన్నే తిని తిని నాకూ విసుగొచ్చింది.”

ఓర్విల్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎవరైనా భోజనానికి పిలిస్తే, బల్ల ముందు కూర్చునేటప్పుడే ఆ ఊరి మగవాళ్ళు టోపీ తీస్తారు.