వెనక గదిలో ఎవరూ ఉండరు

"కింద వెనక గదిలో ఎవరుంటారండీ?" అని రోడ్ల శాఖ అమ్మాయి అడిగితే, వెర్లీన్ రెప్ప వేయకుండా "ఎవరూ ఉండరు" అంది.

మెంఫిస్‌లో ఆ వీధి వీధంతా హైవే కిందికి పోతోంది. ఈ పాత అద్దెగదుల ఇల్లూ పోతుంది. అందులో ఉన్నవాళ్లకు ప్రభుత్వం వేరే ఇల్లు చూపించి, కొన్నేళ్లు అద్దెకు సాయం చేస్తుంది.

ఇంటికింత అని ఇస్తారనీ, మనుషులు ఎక్కువైతే వాటాలు పడతాయనీ వెర్లీన్‌కు ఎవరో చెప్పారు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. ఇంకా ఆసుపత్రిలో దుప్పట్లు మడతపెడుతోంది. సగం వాటాతో ఏ మూల గది దొరుకుతుంది?

అయినా వెనక గదిలో ఉండే ఆ లోమాక్స్ తనకేమవుతాడని? మిగతా గదులన్నీ ఖాళీ అయ్యాక మిగిలింది వాళ్లిద్దరే. రోజూ పొద్దున మెట్ల దగ్గర "బాగున్నారా, మిస్ వెర్లీన్?" అనేవాడు. ఆమె తల ఊపి పోయేది. నాలుగేళ్లలో ఒక్క పూటా ఆగి మాట్లాడింది లేదు. ఒకసారి పలికితే ఇక వదలడేమోనని భయం.

"సరే, ఈ ఇంట్లో మీరొక్కరే," అని రాసుకుంది ఆ అమ్మాయి. పేరు ప్రూయిట్. "ఇక్కడ సంతకం పెట్టండి. అబద్ధమని తేలితే మీ దరఖాస్తే పోతుంది, చూసుకోండి మరి."

వెర్లీన్ పెట్టింది.

"ఇక మూడు నెలలకు పైగా ఇక్కడే ఉంటున్నట్టు రుజువు కావాలి. కరెంటు బిల్లు?"

"ఇంటి ఓనరే కట్టేవాడు."

"అద్దె రసీదు?"

"రసీదులిచ్చే రకమైతే ఇల్లు ఇలా ఏడుస్తుందా?"

"పోనీ, ఉత్తరాలు?"

"నాకు ఉత్తరం రాసేదెవరు, అమ్మాయ్?"

"అయితే మిమ్మల్ని ఇక్కడ రోజూ చూసినవాళ్లెవరైనా రాసిస్తే చాలు. పది రోజుల్లో."

చర్చి వ్యవహారాలు చూసే డీకన్‌ను అడిగింది.

"సిస్టర్, ఇరవై ఏళ్లుగా మీ పాట వింటున్నాను గానీ, మీరు పడుకునేదెక్కడో నాకేం తెలుసు?" అన్నాడాయన.

ఇల్లు అమ్ముకుని పోయిన ఓనరు ఫోనే ఎత్తలేదు.

ఆమెను రోజూ చూసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే. ఆ మనిషి లేడని తనే సంతకం పెట్టింది.

ఏడో రోజున వీధి తలుపుకు కాగితం అంటించి పోయారు. 'ఈ ఇంట్లో ఉంటున్నది ఒక్కరే, వెర్లీన్ హబర్డ్. కాదన్నవాళ్లు ఆఫీసుకొచ్చి చెప్పుకోవచ్చు.'

పని నుంచి వచ్చిన లోమాక్స్ నిలబడి దాన్ని చదివాడు. మళ్లీ చదివాడు. మెట్ల పైన వెర్లీన్ నిలబడి చూస్తోంది.

అతను తలెత్తి ఆమెను చూశాడు. తన గదిలోకి వెళ్లిపోయాడు.

మర్నాడు మంచి కోటు వేసుకుని, చంకలో ఉత్తరాలు కుక్కిన లావుపాటి కవరు పెట్టుకుని బయల్దేరాడు.

సిగ్గుపడాల్సింది పోయి వెర్లీన్‌కు కోపమొచ్చింది. "నోటి కాడి కూడు లాక్కోవడానికి పోతున్నాడు, పెద్దమనిషి" అని గొణుక్కుంది.

సాయంత్రానికి కింద గది ఖాళీ. తలుపు బార్లా తీసి ఉంది. ఇప్పుడా ఇంట్లో నిజంగానే ఆమె ఒక్కతే. దగ్గితే వినేవాళ్లు లేరు. ఎన్నడూ లేనిది, ఏడుపొచ్చింది.

పదో రోజున ఆఫీసు నుంచి పిలుపొచ్చింది.

"మీకు మంజూరైంది, మిస్ వెర్లీన్," అంది ప్రూయిట్. "ఆసుపత్రికి దగ్గర్లోనే ఇల్లు."

"మరి రుజువు?"

"మీ ఇంటి వేడినీళ్ల బాయిలర్ చూసే పనాయన రాసిచ్చాడుగా. లోమాక్స్."

"లోమాక్సా?" అంది వెర్లీన్.

"వస్తూనే ఒకటే ప్రశ్న, మీరు రాసిందాంట్లో తప్పుంటే ఏమవుతుందని. దరఖాస్తు కొట్టేస్తాం, ఆమెకు ఇక ఏమీ రాదన్నాను. చేతిలో ఏదో కవరుంది. ఏంటది అంటే, ఏం లేదమ్మా అని కోటులో పెట్టేసుకున్నాడు. కాసేపు అలా కూర్చుని, ఒక కాగితం అడిగాడు."

వెర్లీన్ గొంతు తగ్గించింది. "ఆ ఇంట్లో ఇంకొకరుంటే... సాయం చెరిసగమేగా?"

"ఎవరు చెప్పారు? ఎవరిది వాళ్లకే. ఇంకొకరుంటే వాళ్లకూ వచ్చేది."

వెర్లీన్ బల్ల మీదికి వంగింది.

"ఆయన ఇప్పుడెక్కడున్నాడో చెప్తావా, అమ్మాయ్?"

ప్రూయిట్ ఫైలు ఆమె వైపు తిప్పింది.

'మిస్ వెర్లీన్ నాలుగేళ్లుగా పై గదిలో ఉంటోంది, కింద వెనక గదిలో ఎవరూ ఉండరు, నేను రోజూ బాయిలర్ చూసి పోయేవాడిని' అని వంకర అక్షరాలతో రాసి సంతకం పెట్టిన ఐజయా లోమాక్స్, చిరునామా అన్నచోట 'లేదు' అని రాశాడు.