కింగ్ వీధిలో సాగనంపడం

గడ్డి మధ్యలో సిమెంటు మెట్లున్నాయి. వాటి వెనక ఇల్లు లేదు.

పై మెట్టు మీద వెర్నెల్ కూర్చుని నవ్వుతోంది, పక్కన ఇంకొకరికి చోటిచ్చినట్టు ఒక వైపుకు ఒదిగి.

తల్లి కోసం వీధులన్నీ గాలించి వచ్చిన లొరెట్టాకు ప్రాణం లేచొచ్చింది.

"అమ్మా! చెప్పకుండా వచ్చేస్తే ఎలా? గుండె ఆగినంత పనైంది నాకు."

"అరవకే. ముందు ఓజెల్లాను పలకరించు."

మిస్ ఓజెల్లా పోయి ఏళ్ళయింది. ఆవిడ ఇల్లు కూల్చి కూడా ఏళ్ళయింది.

అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని ఈ చిన్న ఊళ్ళో, ఈ వీధికి మార్టిన్ లూథర్ కింగ్ పేరు పెట్టాలని నగర సభలో గొంతు పోయేలా పోట్లాడింది ఈ స్నేహితురాళ్ళిద్దరే. పెట్టారు, రైలు పట్టాల వరకు. పట్టాల అవతల, తెల్లవాళ్ళ ఇళ్ళ దగ్గర, అదే రోడ్డుకు పాత పేరే.

ఆ తర్వాత ఇటువైపు, నల్లవాళ్ళ వైపు, కొట్లు మూతబడ్డాయి, బడి ఎత్తేశారు, ఇళ్ళు ఒక్కొక్కటే కూల్చేశారు. వీధి పేరు బోర్డుకు మాత్రం రంగు వేయడం ఎప్పుడూ మరిచిపోరు, మహానుభావులు.

"చీకటి పడుతోంది, లేమ్మా."

వెర్నెల్ పక్కకు తిరిగింది. "వస్తానే ఓజెల్లా." ఏదో విని తలూపింది. "సాగనంపుతుందట. రానీ."

లొరెట్టా వాదించలేదు. ఈ మధ్య వాదిస్తే అమ్మ అన్నం ముట్టడం లేదు.

నడిచారు. గాలి లేదు. అయినా వెనక ఎండుటాకులు నలుగుతున్నాయి. వీళ్ళు ఆగితే ఆ చప్పుడూ ఆగుతోంది.

వెనక్కి చూడాలంటే లొరెట్టాకు భయం వేసింది.

ఇంటి గేటు దగ్గర వెర్నెల్ ఆగిపోయింది.

"పాపం, ఇంత దూరం వచ్చింది. ఒంటరిగా ఎలా పంపను? నేనూ కాస్త దూరం దిగబెట్టి వస్తా."

ఆ వీధి పద్ధతే అంత. ఈవిడ ఆవిడను సాగనంపడం, ఆవిడ మళ్ళీ ఈవిడను. చిన్నప్పుడు లొరెట్టా వరండాలో ఎదురుచూసి ఎదురుచూసి అక్కడే నిద్రపోయేది.

"రేపు వెళ్దువుగానీ."

"బావుంది! ఇంటిదాకా వచ్చినదాన్ని అలా పంపేస్తారటే?" వెర్నెల్ చేయి విడిపించుకోబోయింది. "ఇవాళ వాళ్ళింట్లోనే పడుకుంటాలే. నాకూ చోటుందట."

ఆ చేయి చల్లగా ఉంది. ఇప్పుడు వదిలితే అమ్మ తిరిగి రాదని లొరెట్టాకు తెలిసిపోయింది.

"నీకు మోకాళ్ళ నొప్పి కదమ్మా. నువ్వు లోపలికి పద. ఆవిడను నేను దిగబెట్టి వస్తా."

వెర్నెల్ చీకట్లోకి చెవి ఒగ్గింది. చాలాసేపటికి ఒప్పుకుంది.

"సరే. నెమ్మదిగా తీసుకెళ్ళు. దానికి కళ్ళు ఆనవు."

లొరెట్టా అమ్మను లోపలికి పంపి, తలుపుకు బయట నుంచి తాళం వేసింది.

తర్వాత ఎవరో పట్టుకోవడానికన్నట్టు మోచేయి కాస్త పక్కకు చాపి, ముసలి కాళ్ళకు తగ్గట్టు నెమ్మదిగా, వీధిలోకి నడవడం మొదలుపెట్టింది.